భుజం మీది మైకు ముందెక్కడ తెగుతుంది?



తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడసేవ. నాలుగు మాడవీధుల్లో గ్యాలరీలు నిండిపోయి కాలు మోపే సందు ఉండదు. వాహనం కదిలిందంటే గోవింద నామం ఒక మూల మొదలై వీధి చివరి దాకా పాకుతుంది. డోళ్లు, నాదస్వరం, భజన బృందాల తాళాలు, వాటికి తోడు లౌడ్‌స్పీకర్లలో ప్రకటనలు. ఆ హోరులో గేటు దగ్గర నిలబడ్డ భద్రతా ఉద్యోగికి కంట్రోల్ రూమ్ నుంచి ఒక్క మాట చేరాలి. ఈ గేటు ఆపండి, జనాన్ని పక్క గేటుకు పంపండి అని. వైర్‌లెస్ సెట్టు నడుముకు ఉంటుంది. మాట మాత్రం భుజానికి తగిలించుకున్న చిన్న మైకులోంచి వస్తుంది. అది సగంలో తెగిపోతే మళ్లీ అడిగి తెలుసుకునే వ్యవధి ఎప్పుడూ ఉంటుందని చెప్పలేం.

చేతి వైర్‌లెస్ సెట్లు కొనేటప్పుడు సెట్టు ఏ కంపెనీది, ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుంది, ఎంత దూరం పలుకుతుంది అని అందరూ అడుగుతారు. భుజం మైకు దగ్గరికి వచ్చేసరికి బిల్లు చివర ఒక లైను రాసి సరిపెడతారు. పని మొదలయ్యాక ముందు మొరాయించేది మాత్రం ఆ చివరి లైనులో ఉన్న వస్తువే. సెట్టు తయారుచేసిన కంపెనీది కాకుండా బయటి కంపెనీల మైకు కొనాలనుకునేవారు ఏం చూడాలి, ఏది నాలుగు కాలాలు నిలుస్తుంది, ఏది పండగ ముగియకముందే మూలన పడుతుంది అన్నదే ఈ ప్రసంగంలో విషయం.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ మైకు అవసరమైనవాళ్లు తక్కువేమీ కాదు. తిరుమలకు నడిచి ఎక్కే అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైంది. ఆ తర్వాత పిల్లలతో నడిచేవారికి వేళలు పెట్టారు, భక్తులను గుంపులుగా, వెంట గార్డులతో పంపడం మొదలుపెట్టారు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ కూంబింగ్ చేస్తుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచున ఏనుగులను పొలాల్లోకి రాకుండా మళ్లించే అటవీ సిబ్బంది ఉన్నారు. రైళ్లలో లోకో పైలట్ల దగ్గరా, ట్రైన్ మేనేజర్ల దగ్గరా 5 వాట్ల వీహెచ్‌ఎఫ్ వాకీటాకీలు ఉంటాయి. శ్రీసిటీ ఫ్యాక్టరీల సెక్యూరిటీ, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, కాణిపాకం, శ్రీకాళహస్తి ఉత్సవాల బందోబస్తు, చివరికి పెద్ద కల్యాణ మండపాల్లో పార్కింగ్ చూసే కుర్రాళ్లు సైతం సెట్లతోనే పని నడుపుతారు.

వీళ్లలో ఏ ఇద్దరి వాడకమూ ఒకటి కాదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెల ఎండలో జరుగుతుంది. చెమట మైకు సందుల్లోకి దిగుతుంది. గుజ్జు ఫ్యాక్టరీలో నేలను, యంత్రాలను పైపు పెట్టి కడుగుతూనే ఉంటారు. అడవిలో ముళ్లకంప తీగను పట్టి లాగుతుంది. కొండ మీద ఈశాన్య రుతుపవనాల వాన పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. 2021 నవంబరులో కురిసిన కుండపోతకు శ్రీవారి మెట్టు దారే దెబ్బతిని నెలల పాటు మూతపడింది. అందుకే అందరికీ మంచి మైకు ఏదని దుకాణంలో అడిగితే సరైన జవాబు దొరకదు. ఎక్కడ వాడతారో చెప్పి అడగాలి.

ఈ వస్తువుకు పెద్ద చరిత్రే ఉంది. 1940లో అమెరికాలో గాల్విన్ కంపెనీ సైన్యం కోసం చేతిలో పట్టుకునే సెట్టును తయారుచేసింది. హ్యాండీటాకీ అన్నారు దాన్ని. బరువు రెండు కిలోల పైనే. మూడేళ్లకు వీపున మోసే సెట్టు తెచ్చింది. వాకీటాకీ అనే పేరు దానిది. ఆ గాల్విన్ కంపెనీయే 1947లో మోటరోలాగా పేరు మార్చుకుంది. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ కలిసి ఎలక్ట్రెట్ మైక్రోఫోన్ కనిపెట్టారు. శనగగింజంత మైకు చవకగా, లక్షల్లో తయారుచేయడం దాంతో సాధ్యమైంది. స్పీకరునూ మైకునూ ఒకే అరచేతి డబ్బాలో అమర్చి, తీగతో సెట్టుకు కలిపి, భుజానికి తగిలించే పద్ధతి పోలీసు, అగ్నిమాపక దళాల్లో స్థిరపడింది.

సెట్టును నోటి దగ్గరికి ఎత్తే పని తప్పుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అదీ లాభం. దానికో నష్టం కూడా ఉంది. నడుముకు ఉన్న సెట్టు యాంటెన్నాకు ఒంటికీ మధ్య ఎడం ఉండదు. మనిషి శరీరం తరంగాన్ని కొంత మింగేస్తుంది. మాడవీధిలో ఇది తెలియదు. శేషాచలం లోయలో, మాటను అందుకుని మళ్లీ పంపే రిపీటర్ అందీ అందని చోట బాగా తెలుస్తుంది. అలాంటి చోట మైకు వదిలేసి సెట్టునే ముఖం ఎత్తుకు లేపి మాట్లాడితే అందని మాట అందుతుంది. మైకు ఎంత మంచిదైనా ఈ సంగతి మారదు.

ఇక అసలు వస్తువు. ఒక మైకు వెనక మూతను విప్పి చూస్తే దాని బతుకెంతో సగం తెలిసిపోతుంది. రెండు మూడు స్క్రూలు తీస్తే మూత ఊడుతుంది. నికార్సైనదైతే మూత అంచు చుట్టూ గాడిలో సన్నటి రబ్బరు రింగు కూర్చుని ఉంటుంది. చవక రకంలో ఆ గాడే ఉండదు. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ ఆనుతుంది, అంతే. లోపల స్పీకరు, చిన్న సర్క్యూట్ బోర్డు, రబ్బరు తొడుగులో మైకు గింజ, బటన్ కింద స్విచ్చు. తీగ లోపలికి వచ్చే చోట జాగ్రత్తగా చూడాలి. మంచి మైకులో తీగ పై తొడుగును ఒక క్లాంపు గట్టిగా పట్టుకుని ఉంటుంది. బయట ఎంత లాగినా ఆ లాగుడు క్లాంపు దగ్గరే ఆగుతుంది, టంకం దాకా పోదు. కొన్ని రకాల్లో సన్నటి అరామిడ్ నూలు పోగులు తీగ మధ్యలో పోయి, ఆ పోగులనే లోపలి కొక్కేనికి ముడివేస్తారు. చవక రకంలో తీగకు ఒక ముడి వేసి వదిలేస్తారు. లాగినప్పుడల్లా బరువంతా వెంట్రుక లాంటి నాలుగు రాగి పోగుల మీద, వాటి టంకం మీద పడుతుంది.

మైకులు మాట తప్పే చోటు చాలాసార్లు ఇదే. స్పీకరు కాలిపోయి పాడయ్యేవి తక్కువ, తీగ రెండు కొసల దగ్గర విరిగేవి ఎక్కువ. ఒక కొస మైకు మెడ, రెండో కొస ప్లగ్గు మెడ. చుట్టలు తిరిగిన తీగ మధ్యలో ఎంత సాగినా తట్టుకుంటుంది. మెడ దగ్గర ఒకే చోట రోజుకు కొన్ని వందల సార్లు వంగుతుంది. లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పై తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది ఆ జబ్బు. తల ఇటు తిప్పితే మాట వస్తుంది, అటు తిప్పితే పోతుంది. అవతలివాళ్లకు వాయిస్ బ్రేక్ అవుతుంది. సెట్టుదే లోపమనుకుని బ్యాటరీ మారుస్తారు, ఛానల్ మారుస్తారు, ఆఖరికి సెట్టునే రిపేరుకు పంపుతారు. మైకు పీకేసి సెట్టుతోనే నేరుగా ఒకసారి మాట్లాడి చూస్తే ఆ తిప్పలన్నీ తప్పేవి.

అందుకని కొనేవారు చేతిలోకి తీసుకోగానే ముందు మెడలు చూడాలి. తీగ బయటికి వచ్చే చోట వంపు తిరిగే రబ్బరు తొడుగు ఉందా? ఉంటే కనీసం రెండు మూడు సెంటీమీటర్ల పొడవు ఉందా? దాన్ని వంచితే ఒక్కచోట మడత పడుతోందా, మెల్లగా గుండ్రంగా వంగుతోందా? గుండ్రంగా వంగేది నిలుస్తుంది. తీగ పై తొడుగు పాలీయురేథేన్‌దా, మామూలు పీవీసీదా అని అడగాలి. రాయలసీమ ఎండకు చవక పీవీసీ మొదట జిగటగా మారి, తర్వాత గట్టిపడుతుంది. చుట్టలు సాగిపోయి తిరిగి ముడుచుకోవు. పాలీయురేథేన్ రాపిడికీ, చెమటకూ, నూనెకూ బాగా ఆగుతుంది. అమ్మేవాడికి తెలియకపోతే చిన్న పరీక్ష ఉంది. తీగను చేయి చాచినంత లాగి వదలాలి. చుట్టలు టక్కున మునుపటి కొలతకు చేరాలి.

రెండో కొస ప్లగ్గు. ఇక్కడే కొనేవాళ్లు ఎక్కువగా మోసపోతారు. బయటి మార్కెట్లో ఎక్కువగా దొరికేది కెన్‌వుడ్ రకం రెండు పిన్నుల ప్లగ్గు. 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఒకటి, 2.5 మిల్లీమీటర్ల పిన్ను ఒకటి. కెన్‌వుడ్ సెట్లలో చాలావాటికీ, బావోఫెంగ్ లాంటి చైనా సెట్లకూ అదే పడుతుంది. మోటరోలా చిన్న సెట్లకూ రెండు పిన్నులే. పిన్నుల మధ్య ఎడం వేరు, లోపలి కలయిక వేరు. ఐకామ్ తీరు ఇంకోటి. పెద్ద డిజిటల్ సెట్లకు పక్కన బల్లపరుపుగా బోలెడు బంగారు చుక్కలతో కనెక్టర్ ఉంటుంది, దాన్ని స్క్రూతో బిగిస్తారు. అందువల్ల మోటరోలాకు పడుతుందని అట్ట మీద ఉంటే సరిపోదు. ఏ మోడల్‌కో రాసి ఉండాలి. సెట్టును దుకాణానికి తీసుకుపోయి పెట్టి చూడడం అన్నిటికంటే మేలు.

రెండు పిన్నుల ప్లగ్గుకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. దాన్ని పట్టి ఉంచేది రాపిడి ఒక్కటే. నడుముకు ఉన్న సెట్టు కుర్చీ చేతికి తగిలినా, జీపు తలుపుకు తగిలినా ప్లగ్గు ఒక మిల్లీమీటరు బయటికి వస్తుంది. చూసేవాడికి తెలియదు. లోపల మాత్రం ఒక కొస ముట్టాల్సిన రేకును ఇంకో కొస ముడుతుంది. ఒక్కోసారి మాట ఆగిపోతుంది. ఇంకోసారి అంతకంటే ముప్పు. బటన్ నొక్కకుండానే సెట్టు ప్రసారం మొదలుపెడుతుంది. ఒక్క సెట్టు అలా తగులుకుంటే ఆ ఛానల్లో ఉన్న మిగతావాళ్లందరి నోళ్లూ మూతపడతాయి. గార్డు పక్కవాడితో చెప్పుకునే కబుర్లు ఊరంతా వింటుంది, కంట్రోల్ రూమ్ చెప్పాలనుకున్న మాట ఎవరికీ చేరదు. సెట్లను ప్రోగ్రామ్ చేసేటప్పుడే టైమ్ అవుట్ టైమర్‌ను ఒక నిమిషానికి పెట్టించుకుంటే ఎంత తగులుకున్నా నిమిషానికల్లా ప్రసారం తెగుతుంది. మైకు కొనే బిల్లులో ఇది ఉండదు, దానికి ఖర్చూ లేదు. మైకుల వల్ల వచ్చే చిక్కుల్లో పెద్దదాన్ని ఆపేది ఇదే.

సెట్టుకు ప్లగ్గు పక్కన స్క్రూ బిగించే వీలుంటే స్క్రూ ఉన్న మైకే కొనాలి. అది లేని సెట్టుకు ప్లగ్గు మీదుగా వచ్చే క్లిప్పు ఉన్నది చూడాలి. రెండూ లేకపోతే ప్లగ్గు ఆకారమైనా చూడాలి. సెట్టు పక్కకు అంటిపెట్టుకుని, తీగ కిందికి దిగేలా ఉన్నది మంచిది. పక్కకు పొడుచుకువచ్చి, తీగ అడ్డంగా బయటికి వచ్చే ప్లగ్గు ప్రతి తలుపుకూ, ప్రతి కొమ్మకూ తగులుకుంటుంది. కూంబింగ్‌కు వెళ్లేవారికి ఆ రకం అసలు పనికిరాదు.

నీళ్ల సంగతికి వద్దాం. అట్టల మీద ఐపీ 54, ఐపీ 55, ఐపీ 67 అని రాసి ఉంటుంది. ఇందులో మొదటి అంకె దుమ్ముది, రెండోది నీళ్లది. దుమ్ముకు 6 అంటే అసలు చొరబడదు, 5 అంటే కాస్త చొరబడినా పని ఆగదు. నీళ్లకు 4 అంటే అన్ని వైపుల నుంచి పడే తుంపరకు ఆగుతుంది, 5 అంటే పైపుతో కొట్టే ధారకు ఆగుతుంది, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా తట్టుకుంటుంది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. 7 వచ్చింది కాబట్టి 5 కూడా వచ్చినట్టే అనుకుంటారు. అలా కాదు. ముంచే పరీక్ష వేరు, ధార పరీక్ష వేరు. ఒకటి పాసైతే రెండోది పాసైనట్టు లెక్క కాదు. మామిడి సీజన్‌లో పైపుతో కడిగే గుజ్జు ఫ్యాక్టరీకి 7 కంటే 5 అంకే ముఖ్యం. రెండూ కావాలంటే అట్ట మీద రెండూ విడివిడిగా రాసి ఉండాలి.

మరో సంగతి. సెట్టుకు ఐపీ 67 ఉండవచ్చు. ఆ అంకె పక్కనున్న రబ్బరు మూత బిగించి ఉన్నప్పటిది, లేదా సీలు ఉన్న కనెక్టర్ బిగించినప్పటిది. సీలు లేని రెండు పిన్నుల ప్లగ్గు గుచ్చితే ఆ రంధ్రాల చుట్టూ నీళ్లకు దారి తెరిచినట్టే. అప్పుడు రెండింటిలో తక్కువది ఏదో అదే మొత్తానికి అంకె అవుతుంది. అలాగే చాలా మైకులకు కింద ఇయర్‌ఫోన్ పెట్టుకునే చిన్న రంధ్రం, దానికి రబ్బరు బిరడా ఉంటాయి. బిరడా మైకుకు అతుక్కునే ఉందా, ఊడివచ్చేదా అన్నది చూడాలి. ఊడివచ్చేది మొదటి వారంలోనే గోవిందా. తర్వాత వాన నీళ్లు ఆ దారినే లోపలికి పోతాయి.

అమెరికా సైన్యం వాడే మిల్ స్టాండర్డ్ 810 పేరు కూడా అట్టల మీద బాగా కనిపిస్తుంది. 1962లో పుట్టిన ప్రమాణం అది. కింద పడడం, వణుకు, వాన, దుమ్ము, ఉప్పు గాలి, ఎండ, ఇలా ఎన్నో పరీక్షలు అందులో విడివిడిగా ఉన్నాయి. ఒక్క పరీక్ష చేయించినవాడూ ఆ పేరే వేస్తాడు, పది చేయించినవాడూ అదే వేస్తాడు. ముద్ర వేసి ఇచ్చే సంస్థేదీ లేదు. ఏయే పరీక్షలు చేయించారో పట్టిక చూపమని అడగాలి. చూపితే సరే. చూపకపోతే ఆ పేరును పక్కన పెట్టి మిగతావి చూసుకోవాలి.

ఇప్పుడు మాట స్పష్టత. చాలామంది స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందన్నదే చూస్తారు. హోరులో అది అవసరమే. కానీ పగిలినట్టు వచ్చే పెద్ద గొంతు కంటే, కాస్త తగ్గినా విడివిడిగా అక్షరాలు వినిపించే గొంతు పనికొస్తుంది. దుకాణంలో వాల్యూమ్ పూర్తిగా పెంచి అంకెలు చెప్పించుకుని వినాలి. ఏడు, ఏభై, ఎనభై తేడా తెలుస్తోందా? తెలియకపోతే గరుడసేవ రాత్రి గేటు నంబరు కూడా తెలియదు.

డిజిటల్ సెట్లకు మారేవారు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. పాత అనలాగ్ సెట్టులో చుట్టూ ఉన్న గోల మాట వెనకే వినిపించేది, చెవి దాన్ని వేరుచేసుకునేది. డిజిటల్ సెట్టు మాటను అంకెలుగా కుదించే క్రమంలో గోలనూ మాటగానే లెక్కేసి, రెండింటినీ కలిపి అర్థం కాని ముద్ద చేసేస్తుంది. 2008లో అమెరికాలో అగ్నిమాపక అధికారుల సంఘం మంటల దగ్గరి చప్పుళ్ల మధ్య డిజిటల్ సెట్లు ఎలా తడబడుతున్నాయో పరిశీలించి నివేదిక ఇచ్చింది. మైకును నోటికి ఒకటి రెండు అంగుళాల దూరంలో ఉంచి, గోల వైపు నుంచి చాటు చేసుకుని మాట్లాడమన్నది అందులోని సలహాల్లో ఒకటి. మన జాతరల్లో డప్పుల మధ్య నిలబడేవారికీ అదే వర్తిస్తుంది. గోలను తగ్గించే మైకుల్లో వెనక ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని చేత్తో గానీ చొక్కాతో గానీ మూసేస్తే ఆ సుగుణం పోతుంది. పసుపు, కుంకుమ, కర్పూరం మసి ఆ రంధ్రాల్లో పేరుకుంటాయి. జాతర అయ్యాక మెత్తటి బ్రష్‌తో దులపాలి. పిన్నుతో పొడిస్తే లోపలి పొర చిరుగుతుంది.

చవక మైకుల్లో ఇంకో రోగం ఉంటుంది. మాట్లాడుతుంటే అవతల గుయ్యిమని శబ్దం. 5 వాట్ల ప్రసారం తీగలోకి ఎక్కి మైకును కలవరపెట్టడం దానికి కారణం. దాన్ని ఆపే చిన్న కెపాసిటర్లు నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికి పెట్టరు. దీన్ని కనిపెట్టడం తేలిక. మైకును యాంటెన్నా దగ్గరగా పెట్టి, పూర్తి పవర్‌లో మాట్లాడుతూ, వేరే సెట్టులో ఇంకొకరు దూరంగా నిలబడి వినాలి. గుయ్యిమంటే తిరిగి ఇచ్చేయడమే.

బటన్ లెక్క చూద్దాం. మామూలు చిన్న స్విచ్చులు లక్ష నొక్కుళ్లకు, మంచివి పది లక్షలకు తయారవుతాయి. రోజుకు 300 సార్లు నొక్కే గార్డు దగ్గర లక్ష నొక్కుళ్ల స్విచ్చు ఏడాది లోపే అయిపోతుంది. నాలుగు రోజుల పెళ్లికి వాడే మైకుకు అది చాలు. మూడు షిఫ్టుల్లో చేతులు మారే ఫ్యాక్టరీ మైకుకు చాలదు. బటన్ పెద్దదిగా, పక్కకు లేచి, చేతి తొడుగుతో కూడా తెలిసేలా ఉండాలి. నొక్కితే టిక్కుమని వేలికి తెలియాలి. మెత్తగా దిగబడే బటన్ నొక్కామో లేదో తెలియక మొదటి మాట మింగేస్తుంది. వెనక క్లిప్పు తిరిగేదిగా, స్ప్రింగు లోహానిదిగా ఉండాలి. ఖాకీ చొక్కా భుజపట్టీకి పట్టేది వేరు, చీర కొంగుకూ చుడీదార్ చున్నీకీ పట్టేది వేరు. మహిళా గార్డులకు ఇచ్చేటప్పుడు పొట్టి పళ్ల క్లిప్పు జారిపోతుందేమో వాళ్ల చేతే పెట్టించి చూడాలి.

కంపెనీ సొంత మైకు కొనాలా, బయటిది కొనాలా? కంపెనీ మైకు మూడు నాలుగు వేలు, డిజిటల్ సెట్లదైతే అంతకు మించి. బయటిది ఆన్‌లైన్‌లో ఐదారు వందలకూ దొరుకుతుంది. ఐదారు వందలది నాలుగు కొంటే సరిపోతుందన్న లెక్క చాలామందిది. పార్కింగ్ కుర్రాళ్లకు ఆ లెక్క తప్పు కాదు. నడకదారి గార్డుకూ, ఏనుగుల వెంట తిరిగే ట్రాకర్‌కూ తప్పే. ఈ రెండింటి మధ్య ఇంకో తరగతి ఉంది. భుజం మైకులే తయారుచేయడం వృత్తిగా పెట్టుకున్న బయటి కంపెనీలు. వాటిలో మంచివాటిని పోల్చుకునే గుర్తులు మూడు. తీగ పాడైతే తీగ ఒక్కటే మార్చుకునే వీలు, విడిభాగాల ధరల జాబితా, కనీసం ఏడాది వారంటీ. తీగ విడిగా అమ్మే కంపెనీ తన వస్తువు ఎక్కడ తెగుతుందో తెలిసిన కంపెనీ. కంపెనీ ముద్రతో నకిలీలూ బాగానే తిరుగుతున్నాయి కాబట్టి పెద్ద మొత్తంలో కొనేవారు అధీకృత డీలర్ బిల్లు లేకుండా కొనకూడదు.

కొన్నిచోట్ల మాత్రం బయటి మైకు మాటే ఎత్తకూడదు. గ్యాస్ నింపే ప్లాంట్లు, పెట్రోలు డిపోలు, రసాయనాల గోదాముల్లో నిప్పురవ్వ పుట్టని విధంగా ధ్రువీకరించిన సెట్లు వాడతారు. ఆ ధ్రువీకరణ సెట్టు, బ్యాటరీ, మైకు కలిపిన జతకు. జాబితాలో లేని మైకు తగిలిస్తే సెట్టు ధ్రువీకరణ కూడా చెల్లదు. సెట్టునూ మైకునూ ఇలా కలిపి చూడడం మరోచోటా ఉంది. అగ్నిమాపక సిబ్బంది కోసం 2021లో అమెరికాలో వచ్చిన ఎన్‌ఎఫ్‌పీఏ 1802 ప్రమాణం సెట్టుతో పాటు భుజం మైకును కూడా పరీక్షకు పెట్టింది.

సెట్ల చట్టం సంగతి క్లుప్తంగా. మైకుకు లైసెన్స్ అక్కర్లేదు, అది తగిలే సెట్టుకు కావాలి. 2018 నుంచి మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవర్‌తో పనిచేసే సెట్లకు లైసెన్స్ మినహాయింపు ఉంది. మిగతా వాటిలో చాలావాటికి టెలికాం శాఖ అనుమతి తప్పదు. లైసెన్స్ వివరాలు చెప్పకుండా ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్ముతున్న సంస్థలకు 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసులిచ్చి, ఆ నెలాఖరుకు మార్గదర్శకాలు కూడా తెచ్చింది. మైకుతో పాటు సెట్టు ఉచితమనే ప్రకటన చూసి మండపాల వాళ్లు తొందరపడకూడదు.

ఇక కొనుగోలు. యాభై మైకులు కావాల్సిన సంస్థ ముందు మూడు రకాలు రెండేసి కొని, అన్నిటికంటే మొరటుగా వాడే చోట ఇవ్వాలి. అలిపిరి మెట్ల గార్డు, జీపు డ్రైవరు, గుజ్జు ఫ్యాక్టరీలో కడిగే చోటి సూపర్‌వైజరు లాంటివాళ్లకు. పదిహేను రోజుల తర్వాత వాళ్లను మూడే అడగాలి. మాట ఎప్పుడైనా తెగిందా, ప్లగ్గు ఎన్నిసార్లు లోపలికి నొక్కాల్సి వచ్చింది, క్లిప్పు జారిందా? ఆ జవాబుల్ని బట్టి ఆర్డరు రాయాలి. ఆర్డరులో సెట్టు మోడల్ నంబరు, దుమ్ముకూ నీళ్లకూ కావాల్సిన అంకెలు, తీగ పై తొడుగు రకం, ఏడాది వారంటీ ఉండాలి. ప్రతి పది మైకులకు రెండు విడి తీగలు, నాలుగు విడి క్లిప్పులు కలిపి అడగాలి. బ్రహ్మోత్సవాలకు వాడేవైతే సరుకు కనీసం నెల ముందు చేతికి రావాలి. వచ్చిన ప్రతి మైకునూ సెట్టుకు పెట్టి, తీగ మెడ రెండు వైపులా వంచుతూ ఒకటి నుంచి ఇరవై దాకా చదివించి, అవతల ఇంకొకరు విని రాసుకోవాలి. ఒక్క అంకె తప్పినా ఆ మైకును అదే రోజు డీలర్‌కు తిప్పి పంపాలి. వారంటీ కార్డు మీద తేదీ వేయించుకుని, మైకు నంబరు ఎవరికి ఇచ్చారో స్టోరు రిజిస్టరులో రాసుకోవాలి.